పుట్ అప్ విత్ మీద మూడు వారాలు

ఆదివారం, మధ్యాహ్నం

ఒకే బెంచీ మీద కూర్చుని నా పెన్సిళ్ళన్నీ కొరికేసిన బావకి,

కంటికి చూపు వచ్చింది. ముందు ఆ మాట చెప్పేస్తే నీ కంగారు తగ్గుతుందని చెబుతున్నాను. ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు బోర్లా పడుకోబెట్టారు. తల ఎత్తకూడదు, చదవకూడదు, రెండో కంటికి కూడా పని చెప్పకూడదు. మంచం అంచు దాటించి ముఖం వేలాడేసి, నేల మీద ఉన్న నాలుగు గచ్చు పలకలని మూడు వారాలు చూశాను. వాటిలో ఒకదానికి మూల విరిగింది. ఈ ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా ఉంటూ ఆ సంగతి నాకు తెలియదు. మొన్న శుక్రవారం డాక్టరు పరీక్ష చేసి, ఇక లేచి తిరగొచ్చు, భూతద్దంతో కొంచెం కొంచెం చదువుకోవచ్చు అన్నాడు.

చదివాను బావా. చదవకుండా ఉంటే బాగుండేది. ఎవరికీ చెప్పుకోలేని విషయం ఇది, నీకు మాత్రం ఎలా చెప్పాలి? ఎవరి మీద కడుపు మండుతోందో ఆవిడ నీకు స్వయానా చెల్లెలు. అయినా నీకు కాక ఇంకెవరికి చెబుతాను? తిట్టుకుంటూ చదువు.

పత్రికలో నా శీర్షిక సంగతి నీకు తెలుసు. పదకొండేళ్ళుగా వారానికొక ఇంగ్లీషు మాట. రెండు మూడు చిన్న మాటలు కలిసి కొత్త అర్థం ఇచ్చే క్రియాపదాలుంటాయే, వాటికి అర్థం, వాడుక, నాలుగు ఉదాహరణలు. అరకాలమ్. పదకొండేళ్ళలో ఒక్క వారం తప్పలేదు. ఆసుపత్రిలో చేరేముందు నా బెంగంతా దాని గురించే. మీ చెల్లెలు, "మీరు చెప్పండి, నేను రాసి పంపుతాను," అంది. సరేనన్నాను. పళ్ళ ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చుని పంతొమ్మిదేళ్ళుగా వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసుకునే మనిషి, దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. రాసేది నేను చెప్పిందే కదా అనుకున్నాను.

మొదటి వారం మాట పుట్ అప్ విత్. గచ్చు పలకలని చూస్తూ గంభీరంగా చెప్పాను. "పుట్ అప్ విత్ అనగా సహించుట, ఓర్చుకొనుట. ఉదాహరణ: ప్రజలు నీటి కొరతను సహించుచున్నారు." ఇలా నాలుగు. ఆవిడ రాసుకుని తిరిగి చదివి వినిపించింది. ఒక్క తప్పు లేదు. శభాష్ అని కూడా అన్నాను.

శుక్రవారం డాక్టరు దగ్గరినుంచి వచ్చేసరికి సంపాదకుడు ఫోన్ చేశాడు. "మాస్టారూ, ఇన్నాళ్ళూ మిమ్మల్ని తక్కువ అంచనా వేశాం," అన్నాడు. మురిసిపోయాను. పదకొండేళ్ళకి వీడికి బుద్ధి వచ్చింది అనుకున్నాను. తర్వాత చెప్పాడు, ఆ వారం పేజీలో ప్రకటన ఒకటి రద్దయి ఇంకో అరకాలమ్ ఖాళీ పడితే ఇంటికి ఫోన్ చేశారట. అమ్మగారు ఎత్తి, మాస్టారు పడుకుని చెబుతున్నారు, గంటలో పంపుతాను అందట. పంపిందట. అది అచ్చయ్యాక ఉత్తరాలు వెల్లువెత్తితే, అదే మాట మీద ఇంకో వారం రాయమన్నారట, ఆపైన ఇంకో వారం. ఒక్క మాట మీద మూడు వారాలు! నేను ఏ మాటకీ అరకాలమ్ మించి ఇచ్చిన పాపాన పోలేదు. అసలు నేను ఆ గంటలో ఏమీ చెప్పలేదు బావా, నేను నిద్రపోతున్నాను. తర్వాతి రెండు వారాలూ నేను చెప్పిన వేరే మాటలు ఏ గంగలో కలిశాయో తెలియదు. వాటిని కూడా నాకు బుద్ధిగా చదివి వినిపించింది.

ఫోన్ పెట్టేసి పాత పత్రికలు తీశాను. ఆవిడ పనికి వెళ్ళింది. భూతద్దం పెట్టుకుని ఒక్కొక్క అక్షరం చదివాను. పైన నా పేరే ఉంది. కింద ఇలా ఉంది:

"మా ఇంట్లో పెరటి తలుపు సరిగ్గా పడదు. వడ్రంగిని పిలిస్తే పది నిమిషాల పని. పిలవం. ప్రతిసారీ భుజంతో ఒక తోపు తోసి, నాలుగు తిట్టి మూస్తాం. ఆ తలుపుని మనం పుట్ అప్ విత్ చేస్తున్నాం. గతిలేక పడి ఉండటం కాదిది. సణుక్కుంటూనే ఉండనివ్వడం. ఇష్టం పూర్తిగా చచ్చిపోయిన చోట ఈ మాట వాడకండి, అక్కడ సరిపోదు."

తర్వాత ఆరు నెలలు పన్నునొప్పితో తిరిగి, కుర్చీ చూసి భయపడి రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయిన ఒక లారీ డ్రైవరు గురించి రాసింది. ఆ తర్వాత ఇది: "ఒక ఇల్లాలు మాట్లాడుతుంటే, నలుగురి ముందూ ఆమె ఉచ్చారణ సరిదిద్దే భర్త ఉన్నాడనుకోండి. ఆమె సరిదిద్దుకుని మళ్ళీ చెబుతుంది. ఈలోపు చెప్పాలనుకున్న కబురు చల్లారిపోతుంది. షీ పుట్స్ అప్ విత్ హిమ్."

ఆ భర్త ఎవరో నీకు చెప్పక్కర్లేదు. సిగ్గుపడ్డానని రాస్తే నువ్వు మెచ్చుకుంటావు. కానీ అబద్ధం ఎందుకు? సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఏడుపు. ఎంత బాగా రాసింది బావా! నేను ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పి, మూడు నిఘంటువులు అరగదీసి, సహించుట దగ్గర ఆగిపోయాను. ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పాఠకుల ఉత్తరాలు నేను పాఠం చెప్పే ఇన్‌స్టిట్యూట్‌కి పంపించారు. నిన్న వెళ్ళి తెచ్చుకోబోయాను. అరవై ఒకటి. అన్నీ నా పేరు మీదే. పాత హాజరు పట్టీల వెనక తోసేసి బీరువాకి తాళం వేసి వచ్చాను. చదివేశానని మీ చెల్లెలికి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

నీ బావ,
కాలేజీలో నువ్వు పెట్టిన పేరు ఇప్పటికీ మోస్తున్న డిక్షనరీ


బుధవారం

బావకి,

నీ జవాబు పోయిన వారమే అందింది. రెండే రెండు ముక్కలు రాశావు, "చెప్పెయ్. మెచ్చుకో." నీకేం, గట్టున కూర్చుని ఎన్నయినా చెబుతావు. చెప్పేద్దామనే అనుకున్నాను. కానీ సోమవారం సంపాదకుడు మళ్ళీ ఫోన్ చేశాడు. ఈ తరహాలోనే యాభై మాటలు రాసిస్తే పుస్తకం వేస్తామన్నాడు. ముందు పుట్ అప్ విత్ మీద నాలుగో వారం, చివరి భాగం కావాలన్నాడు. నేను నోరు విప్పి ఒక్క మాట చెప్పాలి. "అలాగేనండీ" అన్నాను. నా నోటికి ఎవరు తాళం వేశారో నాకే తెలియదు.

ఆవిడకి వచ్చింది నాకెందుకు రాదు అనే పంతం పట్టింది. కూర్చున్నాను. తలుపుకి బదులు కిటికీ పెట్టాను. "మా ఇంటి కిటికీ రెక్క కిర్రుమనుచుండును. దానిని మేము సహించుచున్నాము." చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. తర్వాత బస్సు రద్దీ, పొరుగింటి కుక్క, పై అధికారి. ఎవరినో ఒకరిని ఓర్చుకున్న సందర్భం రాద్దామంటే, నేను ఎవరిని ఓర్చుకున్నాను బావా? ఎంత ఆలోచించినా ఒక్కటీ తట్టలేదు. నన్నే అందరూ ఓర్చుకుంటూ వచ్చారేమో. చివరికి కుక్కనే పంపాను. సంపాదకుడు చదివి, "పాత మాస్టారు మళ్ళీ వచ్చేశారేంటండీ?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టు అనిపించింది.

ఆ కోపంతో ఇంటికి వచ్చేసరికి మీ చెల్లెలు భోజనాల బల్ల దగ్గర గీతల నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటోంది. తనలో తాను నవ్వుకుంటోంది. నన్ను చూసి మూసేసింది. ఎంత హాయిగా ఉందో ముఖం! నేను చెమటలు కక్కి ఒక కుక్కని రాసి తిట్లు తిన్నాను, ఈవిడకి నవ్వు ఆగటం లేదు. ఇక తర్వాత జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

పత్రికలో ఏం అచ్చయిందో తెలిసిపోయిందని చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది. సంజాయిషీ చెప్పబోయింది. నేను చెయ్యెత్తి ఆపాను. "రాసినందుకు నాకేం కోపం లేదు. కానీ పాఠకులు చాలా నొచ్చుకున్నారు. సంపాదకుడికి తిట్ల ఉత్తరాలు వచ్చాయి. ఇంటి గొడవలు పత్రికకెక్కించారని అంటున్నారు. ఏదో సర్దిచెప్పాను," అన్నాను.

నా నోటితో నేనే అన్నాను బావా. అరవై ఒక్క ఉత్తరాల్లో నేను తెరిచి చూసినవి పన్నెండు. పన్నెండింటిలోనూ పొగడ్తలే.

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "మీ పేరు చెడగొట్టానన్నమాట," అంది. లేచి వెళ్ళి బట్టలు మడతపెట్టుకుంది. నీకు నిజం చెబుతున్నాను, ఆ పూట నాకు ప్రాణం తేలిక పడింది. నా కుర్చీ నాకు తిరిగొచ్చినట్టు అనిపించింది. హాయిగా భోంచేశాను కూడా. ఇది చదివాక నువ్వు నాకు ఉత్తరం రాయకపోయినా నేనేమీ అనుకోను.

నీ బావ


శుక్రవారం

బావా,

తొమ్మిది రోజులు చూశాను, నీ దగ్గర్నుంచి కార్డు ముక్క కూడా రాలేదు. తగిన శాస్తే. అయినా రాస్తున్నాను.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఇదివరకు భోజనాల దగ్గర మీ చెల్లెలు ఆసుపత్రి కబుర్లు చెప్పేది. కట్టుడు పళ్ళు రుమాల్లో చుట్టుకుని, అవి బస్సులో మరిచిపోయి, డిపోలో కండక్టరు పోలికలు చెప్పలేక తిప్పలు పడ్డ పెద్దావిడ లాంటివి. నేను పేపరు చదువుకుంటూ ఊఁ కొట్టేవాడిని. మధ్యలో ఏదైనా ఇంగ్లీషు మాట తప్పు పలికితే మాత్రం తల ఎత్తేవాడిని. ఇప్పుడు వడ్డించి, తిని, లేచిపోతోంది. అలిగి మాట్లాడకపోవడం వేరు, ఇది వేరు. అడిగినదానికి చక్కగా జవాబు చెబుతుంది. తనంతట తాను మాత్రం ఏమీ చెప్పదు. ఎవరో నొచ్చుకుంటారని భయపడుతున్నట్టు ఉంది. గీతల నోటుపుస్తకం ఎక్కడా కనిపించలేదు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

నిన్న ఇన్‌స్టిట్యూట్‌కి ఒకావిడ వచ్చింది. ఇస్త్రీ దుకాణం నడుపుతుందట. యాభై పైబడ్డ మనిషి, చేతుల మీద పాత కాలిన మచ్చలు. మూడు వారాల కాలమ్ కత్తిరించి చొక్కా మడతలో పెట్టే అట్ట ఒకదానికి అతికించి తెచ్చింది. పుట్ అప్ విత్ రాసినవాళ్ళని చూడాలంది. నేనే అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. ఆ చూపుకి నా చొక్కా నలిగి ఉందేమోనని సర్దుకున్నాను.

"మీరు కాదులెండి," అంది.

ఎందుకలా అనుకున్నారని అడిగాను. "తలుపు తోసుకుని వెళ్ళిపోయేది మగవాళ్ళండి. వెనకనుంచి భుజం పెట్టి మూసేది మేము. మూసే భుజానికి తెలిసినట్టు రాశారు అందులో," అంది. వాళ్ళాయనతో ముప్ఫై ఏళ్ళుగా ఎందుకు ఉంటున్నావని కూతురు అడిగితే జవాబు చెప్పలేకపోయేదట. ఈ కాలమ్ చదివి వినిపించిందట. కూతురు నవ్విందట, ఇద్దరూ కలిసి నవ్వుకున్నారట. "ఆ రాసినావిడకి చెప్పండి సార్," అని అట్ట నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

నేను ఆ అట్ట ముందు చాలాసేపు కూర్చున్నాను. నా ముప్ఫై ఏళ్ళ పాఠాల్లో ఒక్కటి విని ఏ తల్లీకూతురూ కలిసి నవ్వుకోలేదు. మళ్ళీ ఏడుపు వచ్చింది, దాచను. కానీ ఈసారి దానితోపాటు భయం కూడా వేసింది. నేను ఒక మనిషి నోరు కట్టేశాను. కోపంతో కూడా కాదు, ఓర్వలేక కట్టేశాను. ఆవిడ ఇక ఎప్పటికీ ఏమీ రాయకపోతే, ఏమీ చెప్పకపోతే, నేను మిగిలిన ఆయుష్షంతా ఆ బల్ల దగ్గర ఎదురుగా కూర్చుని తినాలి.

బీరువా తెరిచి ఉత్తరాలన్నీ చదివి, ఆ అట్టతో కలిపి సంచీలో వేశాను. రెండో విడతవి కలిపి నూట నాలుగు. రేపు శనివారం, ఆవిడకి ఒంటిపూట పని. రేపు చెబుతాను. ఈ ఉత్తరం ఈ సాయంత్రమే డబ్బాలో వేసేస్తున్నాను, ఇంట్లో ఉంటే మనసు మార్చుకుంటానేమోనని.

నీ బావ


మంగళవారం, ఉదయం

బావకి,

చెప్పాను.

సంచీ బల్ల మీద పెట్టి, తిట్ల ఉత్తరాలు ఒక్కటి కూడా రాలేదని, అదంతా నేను కల్పించానని చెప్పాను. ఎందుకని అడగలేదు. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. "ఒక్కళ్ళు కూడా తిట్టలేదా?" అని అడిగింది. ఒకాయన మాత్రం కామాలు ఎక్కువయ్యాయన్నాడని చెప్పాను. తల ఊపి సంచీ తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. నూట నాలుగూ చదివింది. మధ్యలో లేవలేదు, మంచినీళ్ళు తాగలేదు. వంట నేనే చేశాను, ఎవరూ తినలేదు. చొక్కా అట్ట దగ్గర చాలాసేపు ఆగింది. నేను ఎదురుగా కూర్చుని ఆవిడ ముఖం చూస్తున్నాను. ముఖం తెలియనివాళ్ళు రాసిన మాటలకి ఆ ముఖం అలా వెలిగిపోతుంటే, అక్కడ కూడా ఆ నూట నలుగురి మీద నాకు అసూయ కలిగింది. ఏం మనిషినో చూడు.

అన్నీ అయ్యాక అంది:

"ఈ పది రోజులూ ఆసుపత్రిలో ఎవరైనా పేపరు తెరిస్తే తల దించుకున్నాను. మీకు తలవంపులు తెచ్చానని. మీకు తెలుసా?"

తెలియదన్నాను. తెలుసుకోలేదని చెప్పాల్సింది. గీతల పుస్తకం ఏమైందని అడిగాను. చింపి పారేశానంది. ఇరవై మూడు మాటలు ఉన్నాయట అందులో. ఒక్కటి కూడా నేను చూడలేదు, ఇక చూడను.

అప్పుడే ఆవిడ ముందే సంపాదకుడికి ఫోన్ చేశాను. మూడు వారాలూ రాసింది నా భార్య, నాకు తెలియకుండా రాసింది, తెలిశాక నేను దాచాను, పుస్తకం ఆవిడ పేరు మీదే రావాలి అన్నాను.   ఆయన నన్ను తిట్టనూ లేదు, మెచ్చుకోనూ లేదు, "అమ్మగారు ఉన్నారా?" అన్నాడు. ఫోన్ ఇచ్చాను. ఇరవై నిమిషాలు మాట్లాడింది. మొహమాటపడుతుందని, మా ఆయన పేరు కూడా ఉండనివ్వండి అంటుందని ఏ మూలో ఆశ ఉంది నాకు. అనలేదు. తన పేరు ఎలా రాయాలో అక్షరం అక్షరం చెప్పింది. యాభై కాదు, ముప్ఫై అయితే రాస్తానంది. నెల రోజులు గడువు అడిగింది. పళ్ళ ఆసుపత్రికి కూడా ఫోన్ చేసి నెల సెలవు చెప్పింది.

తర్వాత నేను ఒక తెలివితక్కువ పని చేశాను. "నన్ను ఇంకా పుట్ అప్ విత్ చెయ్యగలవా?" అని అడిగాను. నవ్విద్దామనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. చాలా మామూలుగా, బల్ల దగ్గర వచ్చినవాళ్ళకి డాక్టరు గారు లేరని చెప్పినట్టు చెప్పింది.

"దానికి మీరు రాయించిన అర్థమే సరైందండీ. సహించుట. ప్రస్తుతానికి అంతే ఉంది నా దగ్గర."

పదకొండేళ్ళలో మొదటిసారి నా అర్థం సరైందని ఒప్పుకుంది బావా. నిఘంటువులన్నీ తీసుకెళ్ళి బావిలో పడెయ్యాలనిపించింది.

ఇక్కడ ఉండి రాయలేనంది. ప్రతి వాక్యం వెనకా నేను నిలబడి ఉన్నట్టు ఉంటుందట. మా అన్నయ్య దగ్గరికి వెళతాను అంది. ఎన్నాళ్ళని నేను అడగలేదు, నువ్వూ అడగకు. గురువారం పొద్దుటి బస్సుకి వస్తోంది. పెట్టె ఒక్కటే, ఉత్తరాల సంచీ ఒక్కటి. సంచీ బరువు, నువ్వే ఎత్తుకో. మీ ముందు గదిలో వెలుతురు వచ్చే వైపు బల్ల వెయ్యి. రాసుకుంటున్నప్పుడు ఎవరినీ పలకరించనివ్వకు. నా ఉత్తరాలు నీ దగ్గర ఉన్నాయిగా, అడిగితే ఇచ్చెయ్యి. అడక్కపోతే మాత్రం చూపించకు. నా కంటి చుక్కలు నేనే వేసుకుంటున్నాను, సగం చెంప మీదే పడుతున్నాయి. అది కూడా చెప్పకు.

ఇంకొక్క మాట. రెండు మూడు రోజులు అన్నం దగ్గర మౌనంగానే ఉంటుంది. తర్వాత తనంతట తానే మొదలుపెడుతుంది. బస్సులో పక్క సీటు మనిషి గురించో, మీ వీధి చివర చెప్పులు కుట్టేవాడి గురించో. మధ్యలో ఎక్కడో ఒక ఇంగ్లీషు మాట తప్పు పలుకుతుంది. నువ్వు దిద్దవు, నీకు రాదు కాబట్టి కాదు, నీకు కథ కావాలి కాబట్టి. ముద్ద చేతిలో పట్టుకుని, తర్వాతేమైంది అంటావు. అలా అడిగే చోటు ఇరవై ఆరేళ్ళు నాది. పాఠకుల మీద ఏడ్చాను, ఇస్త్రీ చేసే ఆవిడ మీద ఏడ్చాను, కట్టుకున్న భార్య మీదే ఏడ్చాను. గురువారం నుంచి నీ మీద ఏడుస్తాను బావా, భోజనాల వేళకి.

నీ బావ